మిరపచేను మీద ఢిల్లీ విమానం

ఢిల్లీ నుంచి మద్రాసుకు ఆకాశమార్గాన దూరం సుమారు పదిహేడు వందల అరవై కిలోమీటర్లు. 1985 ఏప్రిల్‌లో ఆ దూరానికి విమానం తీసుకునే సమయం రెండు గంటల ముప్ఫై అయిదు నిమిషాలు. ఈ రెండు అంకెలూ నా నోటుపుస్తకంలో పెన్సిలుతో రాసి, కింద గీత గీసి ఉన్నాయి. నేను ఆ విమానం ఎప్పుడూ ఎక్కలేదు. మా ఊళ్లో ఎక్కినవాళ్లూ లేరు. అయినా ఆ రెండు అంకెల కోసం రెండు బస్సులు ఎక్కి గుంటూరు వెళ్లొచ్చాను. ఎందుకు వెళ్లానో చెప్పాలంటే మిరపకాయ కోత దగ్గర మొదలుపెట్టాలి.

మాది దర్శికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె. అక్కడి మిషను బడిలో నేను లెక్కలు చెప్పేదాన్ని. ఇంట్లో నేను, మా అమ్మ, మా మరదలు, అయిదు నెలల మేనకోడలు. మా తమ్ముడు దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తూ నెలకోసారి వచ్చి వెళ్లేవాడు. పిల్లకు మూడో నెల నిండగానే మరదలు తిరిగి కాయకోతకు వెళ్లడం మొదలుపెట్టింది. మా పేటలో పాతికమంది ఆడవాళ్లు ఒక ముఠాగా ఊరి తూర్పున పద్నాలుగెకరాల మిరపచేనున్న ఆసామి దగ్గర పనిచేసేవారు. పొద్దున ఆరింటికి చేలో దిగితే మధ్యాహ్నం దాకా ఒక పూట. అందరూ కలిసి దిగాలి, అందరూ కలిసి రావాలి. ఒకరు ముందు వచ్చేస్తే ఆ పూట లెక్కలోకి రాదు, మర్నాడు పిలుపూ రాదు.

పూట ఎప్పుడు ముగుస్తుందన్నదే అసలు తగువు. ఆసామి చేతికి గడియారం ఉండేది కానీ అది ఆయన పనికి తగినట్టు నెమ్మదిగా నడుస్తుందని ముఠా పెద్ద అందరి ముందూ అనేది. ఆమె పొడుగాటి మనిషి, గొంతు రెండు చేల అవతలికి వినిపించేది. ఆడవాళ్లు నీడ చూసి చెబితే ఆసామి ఒప్పుకునేవాడు కాదు. నీడ కూడా మీ ముఠాలో చేరిందా అని అడిగేవాడు. చివరికి అంతకు ముందు ఏడాది, రోజూ మిట్టమధ్యాహ్నం దాటాక మా ఊరి మీదుగా పోయే విమానాన్ని రెండు పక్షాలూ కలిసి ఒప్పుకున్నాయి. అది ఆసామిదీ కాదు, కూలీలదీ కాదు. దాన్ని ఎవరూ ముందుకు తిప్పలేరు, వెనక్కి తిప్పలేరు. విమానం పోయిందా, పూట ముగిసింది. ఈ ఒప్పందం చేసినందుకు ఆసామి చాలా గర్వపడేవాడు. చుట్టుపక్కల ఏ చేలోనూ ఇంత న్యాయమైన గంట లేదని చెప్పుకునేవాడు.

నాకు ఆ విమానం మీద ధ్యాస వేరే కారణంగా కలిగింది. ఫిబ్రవరిలో ఏడో తరగతికి కాలం, దూరం, వేగం చెబుతున్నాను. పుస్తకంలో రైళ్లన్నీ ఎవరూ చూడని ఊళ్ల మధ్య నడుస్తుంటే పిల్లలకు ఎక్కడంలేదు. అందుకని బడి వరండాలోంచి కనిపించే విమానాన్ని లెక్కలోకి తెచ్చాను. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆదివారాలు, సెలవులు పోను నలభై ఒక్క రోజులు అది పోయే సమయం రాసుకున్నాను. నా చేతి గడియారం రోజూ పొద్దున ఏడింటి వార్తలకు ముందు రేడియోలో వేళ తెలిపే పిప్ పిప్ చప్పుడుతో సరిచేసుకునేదాన్ని కనుక దాన్ని శంకించనక్కరలేదు. ముప్ఫై ఎనిమిది రోజులు విమానం 12:17కీ 12:25కీ మధ్యనే పోయింది. మిగతా మూడు రోజులు మబ్బు, చప్పుడు మాత్రమే విన్నాం. సగటు 12:21.

ఇంకో సంగతి కూడా పిల్లలకు చూపించాను. చప్పుడు వినిపించిన చోట విమానం ఉండదు. పది కిలోమీటర్ల ఎత్తు నుంచి చప్పుడు కిందికి దిగడానికి సుమారు అర నిమిషం పడుతుంది, ఆలోగా విమానం దక్షిణంగా ఏడు కిలోమీటర్లు పోయి ఉంటుంది. చేలో ఆడవాళ్లు తలెత్తి నడినెత్తిన వెతికేవారు. నేను మాత్రం ముందుకు చూసేదాన్ని.

ఆ రెండు నెలలూ ఇంట్లో అన్నీ దాని ప్రకారం నడిచాయి. మరదలు తెల్లవారి అయిదున్నరకు పిల్లకు పాలిచ్చి వెళ్లేది. తొమ్మిదింటికి అమ్మ నాలుగు చెంచాల రాగిజావ పట్టేది. విమానం పోగానే మరదలు చేలోంచి ఇరవై రెండు నిమిషాల్లో ఇల్లు చేరేది. వచ్చీరాగానే పిల్లను ఎత్తుకోవడానికి లేదు. పొద్దుటినుంచీ మిరపకాయలు కోసిన చేతులు. సబ్బుతో కడిగినా ఘాటు పోదు. అమ్మ పుల్లమజ్జిగ తప్పేలాలో సిద్ధంగా ఉంచేది. అందులో మోచేతుల దాకా ముంచి, రుద్ది, కడుక్కుని, రవిక మార్చుకుని కూర్చునేసరికి దాదాపు ఒంటిగంట. పిల్లకు సరిగ్గా ఆ వేళకే ఆకలి వేసేది. ఏడుపు అందుకునేలోగా తల్లి అందేది.

ఏప్రిల్ ఒకటో తేదీ, సోమవారం, విమానం పన్నెండున్నరకూ రాలేదు. ఒంటిగంటకూ రాలేదు. 1:25కి వచ్చింది. మంగళవారం 1:27. బుధవారం 1:24. గురువారం 1:28.

ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో జరిగింది రాస్తుంటే ఇప్పటికీ చెవులు గింగురుమంటాయి. ఒంటిపూట బడి కావడంవల్ల పన్నెండున్నరకే నేను ఇంటికి వచ్చేసేదాన్ని. ఒంటిగంటకు మొదలైన ఏడుపు రెండింటి దాకా ఆగేది కాదు. రాగిజావ పట్టబోతే ఉమ్మేసేది. మేకపాలు తెచ్చి చెంచాతో పోస్తే మూతి పక్కకు తిప్పేది. అమ్మ భుజం మీద, నా భుజం మీద, ఉయ్యాలలో, ఎక్కడ వేసినా ఒకటే. గురువారం నాటికి గొంతు బొంగురుపోయింది. చేలో మరదలికి రవిక తడిసిపోయి, పైన వేసుకున్న పాత చొక్కా కూడా తడిసిపోయేదట. ఆరోజు వచ్చి, చేతులు మజ్జిగలో పెట్టి, ఇక మానేస్తాను వదినా అంది. ముఠాలో చోటు ఒకసారి వదిలితే వచ్చే ఏడాది పత్తి తీతకు కూడా దొరకదని తనకీ తెలుసు, నాకూ తెలుసు.

నేను ఆసామి దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డమనిషి కాడు. మాట మీద నిలబడే మనిషి, అదే చిక్కు. విమానం వేళ మారినట్టుంది, పూట పన్నెండూ ఇరవైకే ముగించమని అడిగాను. ఆయన మారలేదన్నాడు. నాలుగు రోజులు ఆలస్యమైనంత మాత్రాన బస్సు వేళ మారిపోయిందంటామా అని అడిగాడు. కిందటేడు అది ముందు వచ్చిన రోజుల్లో తను కిమ్మనకుండా పంపించాడనీ, ఇప్పుడు కాస్త వెనకబడితే ఆడవాళ్లు ఓర్చుకోవాలనీ అన్నాడు. వేళే మారిందని రుజువు తెస్తే అప్పుడు చూద్దామన్నాడు.

రుజువు అన్న మాట లెక్కల టీచరు దగ్గర అనకూడదు.

శుక్రవారం గుడ్ ఫ్రైడే. శనివారం పొద్దున్నే బయలుదేరాను. ఈస్టరు ముందురోజు, గుడి ఊడ్చి రంగుకాగితాలు కట్టే పని నా వంతు. అది ఎగ్గొట్టి ఊరేగుతున్నావని అమ్మ సణిగింది. వినుకొండలో బస్సు మారి పదకొండూ నలభైకి గుంటూరులో దిగాను. విమానం టికెట్లు అమ్మే కొట్టు ఎక్కడో ముగ్గుర్ని అడిగి పట్టుకున్నాను. చిన్న గది, గోడకు రంగురంగుల విమానం బొమ్మ, బల్ల వెనక ఇస్త్రీ చొక్కా వేసుకున్న అబ్బాయి. నా చేతిసంచి, దుమ్ముపట్టిన చెప్పులు చూసి కూడా మర్యాదగానే కూర్చోమన్నాడు.

"ఎక్కడికండీ టికెట్టు?"

"టికెట్టు వద్దు బాబూ. ఢిల్లీ నుంచి మద్రాసుకు విమానదూరం ఎంత, ప్రయాణం ఎంతసేపు, పొద్దుటి విమానం ఎన్నింటికి బయలుదేరుతుంది. ఈ మూడూ కావాలి."

"మీరు ఢిల్లీలో ఎక్కుతారాండీ?"

"ఎక్కను. దర్శి దగ్గర మిరపచేలో నిలబడి చూస్తాను."

అబ్బాయి కలం కింద పెట్టాడు. "అక్కడ ఆగదండీ," అన్నాడు జాలిగా.

"ఆగక్కరలేదు. ఎన్నింటికి పోతుందో తెలిస్తే చాలు."

సంగతంతా చెప్పాను. పిల్ల గురించి చెప్పేసరికి అతను లేచి లోపలినుంచి లావుపాటి పుస్తకం తెచ్చాడు. దూరం చూశాడు. తర్వాత కొత్తగా వచ్చిన కాలపట్టిక మడత విప్పాడు. మార్చి ఆఖరు దాకా ఢిల్లీలో 10:20కి బయలుదేరి మద్రాసులో 12:55కి దిగేది. ఏప్రిల్ ఒకటి నుంచి 11:25కి బయలుదేరి 2:00 గంటలకు దిగుతుంది. వేసవి పట్టిక అన్నాడు. ఆ కాగితం నాకే ఇచ్చేసి, గుమ్మందాకా వచ్చి, విమానం ఆ వేళకు పోతే తనకొక కార్డు ముక్క రాయమన్నాడు.

బస్సులో కూర్చుని లెక్క చేశాను. బడి అట్లాసు సంచిలోనే ఉంది. ఢిల్లీ నుంచి మద్రాసుకు దారం పెట్టి లాగితే అది సరిగ్గా దర్శి పక్కనుంచే పోతుంది. మొత్తం పదిహేడు పాయింటు ఆరు సెంటీమీటర్లు. ఢిల్లీ నుంచి మా ఊరికి పద్నాలుగున్నర. సెంటీమీటరుకు వంద కిలోమీటర్లు. వేగం అంతటా ఒకటే అనుకుంటే మా ఊరి మీదికి రావడానికి రెండు గంటల ఎనిమిది నిమిషాలు పట్టాలి. నా నోటుపుస్తకం ప్రకారం పడుతున్నది రెండు గంటల ఒక నిమిషం. ఏడు నిమిషాల తేడా. పక్కసీటులో కోళ్లబుట్ట పెట్టుకున్న ఆవిడ నేను దారం లాగుతుంటే ఏం కుడుతున్నావమ్మా అని అడిగింది. నరసరావుపేట దాటాక తేడా అర్థమైంది. మద్రాసు దగ్గరపడ్డాక విమానం నెమ్మదిస్తుంది, దిగడానికి చుట్టు తిరుగుతుంది. ఆ ఆలస్యమంతా మా ఊరు దాటాక. కాబట్టి దారం చెప్పింది కాదు, నోటుపుస్తకం చెప్పిందే నిజం. 11:25కి రెండు గంటల ఒక నిమిషం కలిపితే 1:26. ఆ నాలుగు రోజుల సగటు కూడా 1:26. ఇంతకంటే గట్టి రుజువు నా సర్వీసులో నేను చూడలేదు.

ఆదివారం ఈస్టరు ఆరాధన అయ్యాక ఆసామి ఇంటికి వెళ్లి కాగితం, అట్లాసు, దారం, నోటుపుస్తకం అన్నీ అరుగు మీద పరిచాను. ఆయన దారాన్ని రెండుసార్లు తనే లాగి చూశాడు.

"కాగితం ఎవరైనా అచ్చు వేయొచ్చు టీచరమ్మా. రేపు విమానం ఎన్నింటికి పోద్దో నువ్వు చెప్పు. నేనే చేలో నిలబడతా. నువ్వు చెప్పిన వేళకి అయిదు నిమిషాలు అటూ ఇటూగా వచ్చిందా, వేళ మారిందని ఒప్పుకుంటా, ఎల్లుండినుంచి పూట పన్నెండూ ఇరవైకే. రాలేదా, కోత అయ్యేదాకా విమానమే."

"ఒంటిగంటా ఇరవై ఆరండి," అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాననుకుంటాను.

సోమవారం బడి వదలగానే తిన్నగా చేలోకి వెళ్లాను. 12:52కి చేరాను. ఆసామి ఒంటిగంటకు వచ్చాడు, భోజనం చేయకుండానే. ఇంటావిడ గోంగూర పచ్చడి నూరిందనీ, విమానం చూసి వెళ్లి వేడన్నంలో తింటాననీ చెప్పాడు. తలమీద తువాలు వేసుకుని గట్టు మీద నిలబడ్డాడు. ఆడవాళ్లు కోస్తూనే చెవులు పైకి పెట్టారు. మరదలు మాత్రం తల ఎత్తలేదు, సాలు వెంట కోసుకుంటూ పోతూనే ఉంది.

1:21. ఏమీ లేదు. 1:26. ఆకాశంలో గద్ద ఒకటి తిరిగింది. 1:31.

నేను గడియారం చెవి దగ్గర పెట్టుకుని చూశాను. నడుస్తూనే ఉంది. ఆసామి మీసం కింద నవ్వు వచ్చింది.

"ఏం టీచరమ్మా, దారిలో దారం తెగిందా?"

నలభై ఒక్క రోజులు, నాలుగు రోజులు, అట్లాసు, అచ్చుకాగితం, అన్నీ నా వెనక నిలబడి ఉన్నాయి, విమానం మాత్రం లేదు. ముఠా పెద్ద నడుం నిటారు చేసి, అది ఎక్కడో మేతకు ఆగి ఉంటుంది, ఎవరైనా వెళ్లి తోలుకురండి అని అరిచింది. ఆడవాళ్లు నవ్వారు. ఆసామి కూడా నవ్వాడు. నవ్వాక కడుపు మీద చెయ్యి వేసుకున్నాడు. పందెం గెలిచినా ఆయన ఇంటికి వెళ్లడానికి లేదు. విమానం పోయేదాకా ఎవరూ కదలకూడదన్నది ఆయన పెట్టిన మాటే, విమానం చూసి వెళతానన్నదీ ఆయనే.

1:40కి ముందు ఏడుపు వినిపించింది, తర్వాత మా అమ్మ కనిపించింది. నెత్తిన తడిగుడ్డ, చంకలో పిల్ల, రెండో చేతిలో మజ్జిగ చెంబు. చెప్పులు కూడా లేవు. ఎవరినీ అడగకుండా గట్టు దాటి చేలోకి వచ్చేసింది. మరదలు సాలు మధ్యలోనే కూలబడిపోయింది. చేతులకు చెంబెడు మజ్జిగ ఎక్కడ చాలుతుంది? అందుకని అమ్మ తనే మరదలి చొక్కా గుండీలు తీసి, పిల్లను పట్టుకుని తల్లి రొమ్ముకు ఆనించింది. మరదలు రెండు చేతులూ వెనక్కి చాపి, పిల్లకు తగలకుండా వేళ్లు విప్పి పెట్టుకుని కూర్చుంది. చుట్టూ నలుగురు ఆడవాళ్లు కొంగులు అడ్డం పట్టారు. ఏడుపు ఒక్కసారి ఆగిపోయింది. అంత పెద్ద చేలో పిల్ల గుటకలు వినిపించాయి.

అమ్మ తల ఎత్తకుండానే ఆసామితో అంది:

"ఏమయ్యా, మీరు తిన్నారా?"

"లేదమ్మా."

"ఆకలేస్తందా?"

ఆయన ఉత్తరం వైపు ఒకసారి చూశాడు. మొహం మీద చెమట తుడుచుకుని మళ్లీ చూశాడు. నేను గడియారం చూశాను. 1:52. అప్పుడు ఆయన తువాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఢిల్లీలో ఎవడో కాఫీ తాగతా కూర్చుంటే నా చేలో పాతికమంది ఆడోళ్లు ఎండలో నిలబడాలా? నేను పస్తుండాలా? పొండి, అందరూ పొండి. రేపట్నుంచి విమానం లేదు, ఏం లేదు. టీచరమ్మా, మీ బడిగంట ఇక్కడికి వినపడద్దా?"

"గాలి ఇటుంటే వినిపిస్తుందండి. గట్టిగా కొడితే ఎటున్నా వినిపిస్తుంది."

"అయితే గట్టిగా కొట్టు. పన్నెండూ ఇరవైకి. గడియారం చూసి కొట్టు, దారం చూసి కాదు."

అని వెనక్కి చూడకుండా గోంగూర పచ్చడి వైపు నడిచాడు.

ఆడవాళ్లు గోతాలు కల్లంలో దించి, బోరింగు దగ్గర కాళ్లు కడుక్కుంటుండగా విమానం వచ్చింది. ఒక్కరూ తలెత్తలేదు. నేను దక్షిణంగా చూశాను. వెండిముక్కలా మెరుస్తూ పోతోంది. 2:07. నోటుపుస్తకం తీసి అక్కడే నిలబడి రాశాను: అంచనా 1:26, వచ్చింది 2:07, తేడా 41 నిమిషాలు. నా లెక్కల్లో అంత పెద్ద తప్పు అంతకు ముందు లేదు, ఆ తర్వాత లేదు. దాన్ని నేను దిద్దలేదు.

మర్నాటినుంచి 12:20కి బడిగంట ఒక్క దెబ్బ కొట్టేదాన్ని, చేను కోసం. బడి వదిలేది పన్నెండున్నరకు. కానీ గంట వినగానే పిల్లలు పలకలు సర్దేసేవారు, ఆ పది నిమిషాలు పాఠం సాగేది కాదు. కోత ఇంకా పదకొండు పనిరోజులు సాగింది. రోజుకు పది చొప్పున నూట పది నిమిషాలు. మూడో రోజునుంచి పొద్దున బడి పది నిమిషాలు ముందు మొదలుపెట్టాను. మొదటి రెండు రోజుల ఇరవై నిమిషాలు ఆఖరి శనివారం ఉంచేసి చెప్పాను. పిల్లలు గొణిగారు, అయినా బాకీ లేదు.

మొదటిరోజు, మంగళవారం, మరదలు 12:42కి ఇల్లు చేరింది. మజ్జిగలో చేతులు ముంచి, కడుక్కుని, ఒంటిగంటకు పిల్లను ఒళ్లోకి తీసుకుంది. తన చేతులతోనే. పాలు తాగి పిల్ల అలాగే నిద్రపోయింది. అందరం అన్నం తిన్నాం. నేను చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లినప్పుడు చప్పుడు వినిపించింది. దక్షిణంగా చూసి, గడియారం చూశాను. 1:25. ఒక్క నిమిషం తేడా.

"అమ్మా, చూశావా, నా లెక్క..." అంటూ లోపలికి పరుగెత్తాను.

"అరవకు," అంది అమ్మ, ఉయ్యాల తాడు వదలకుండా. "పిల్ల పడుకుంది."

అందుకని అది కూడా పుస్తకంలోనే రాసుకున్నాను. గుంటూరు అబ్బాయికి మాత్రం కార్డు ముక్క రాశాను: విమానం పోయింది, పిల్ల నిద్రపోయింది, టికెట్టు అక్కరలేదు.